అయిదారుగురి టీమ్‌కి ఏ సోర్స్ కంట్రోల్? గిట్, ఎస్‌వీఎన్, పెర్‌ఫోర్స్, ఫాసిల్ పోలిక, ఎంపిక సలహా

ఆఫీసు సర్వర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్. అందులో ‘బిల్లింగ్ ఫైనల్’, ‘బిల్లింగ్ ఫైనల్ 2’, ‘బిల్లింగ్ ఫైనల్ శ్రీను మార్చింది’ అంటూ జిప్ ఫైళ్ళు. లైవ్ సైటుకి ఎవరికి వారు ఎఫ్‌టీపీలో ఎక్కించేయడం, ఏ ఫైలు ముట్టుకున్నారో వాట్సాప్ గ్రూపులో చెప్పుకోవడం. ఇద్దరు ముగ్గురు ఉన్నంత కాలం ఇది ఎలాగోలా నడుస్తుంది. నాలుగో మనిషి వచ్చాక ఒకరి పని మీద మరొకరి పని పడి చెరిగిపోవడం మొదలవుతుంది.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారిన సందర్భమే తీసుకోండి. 12 శాతంలో ఉన్న సరుకులు చాలావరకు 5కి దిగాయి, 28లో ఉన్నవి చాలావరకు 18కి వచ్చాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే టీమ్‌లో ఒకరు పన్ను రేట్లు మారుస్తుంటారు. సరిగ్గా అదే ఫైల్లో ఇంకొకరు పైసల రౌండింగ్ సరిచేస్తుంటారు. ఎవరు ఆఖర్న ఎక్కిస్తే వాళ్ళ ఫైలే మిగులుతుంది, రెండో మనిషి పని పోయిందన్న సంగతి కస్టమర్ ఫోన్ చేశాక గానీ తెలియదు. ఇంకో నెల గడిచాక ఆడిటర్ అడుగుతాడు: ‘సెప్టెంబరు 21న మీ సాఫ్ట్‌వేర్ ఈ సరుకు మీద పన్ను ఎలా లెక్కేసింది?’ జిప్ ఫైళ్ళ గుట్టలో దీనికి జవాబు వెతకడం ఎవరి వల్లా కాదు.

ఈ రెండు బాధలకూ మందు సోర్స్ కంట్రోలే, అంటే ఏ ఫైలు ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రంతా దాచిపెట్టే టూల్. ఏది పెట్టుకోవాలన్న దగ్గరే చాలా టీమ్‌లు నెలల తరబడి ఆగిపోతాయి. కారణం ఏమిటంటే, ఇందులో రెండు ఎంపికలున్నాయి, వాటిని ఒకటిగా అనుకుంటున్నారు. ఒకటి చరిత్రను దాచే యంత్రం: గిట్, ఎస్‌వీఎన్, పెర్‌ఫోర్స్, ఫాసిల్ లాంటివి. రెండోది ఆ చరిత్ర ఎక్కడ ఉండాలన్నది: గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్, లేదా మీ సొంత సర్వర్. మొదటిది మీ ఫైళ్ళ స్వభావాన్ని బట్టి తేలుతుంది. రెండోది మీ టీమ్‌లో సర్వర్ చూసుకునే ఓపిక ఎవరికుందన్న దాన్ని బట్టి తేలుతుంది. వీటిని విడదీసి చూస్తే ఒక పూటలో నిర్ణయానికి రావచ్చు.

## ముందు తేల్చుకోవలసినవి

మీ ఫైళ్ళు కలుస్తాయా, కలవవా? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. పీహెచ్‌పీ, జావా, పైథాన్ కోడు, హెచ్‌టీఎమ్‌ఎల్, ఎస్‌క్యూఎల్ స్క్రిప్టులు మామూలు టెక్స్టు. ఒకే ఫైల్లో ఒకరు 10వ లైను, మరొకరు 200వ లైను మారిస్తే టూల్ ఆ రెంటినీ తనంతట తనే కలిపేస్తుంది. ఫోటోషాప్ ఫైళ్ళు, త్రీడీ మోడళ్ళు, ఎక్సెల్ షీట్లు, ఇన్‌డిజైన్ పేజీలు, అన్‌రియల్ ఇంజిన్ అసెట్లు అలా కలవవు. ఇద్దరు ఒకేసారి మారిస్తే ఒకరి పని పారేయాల్సిందే. అలాంటి ఫైళ్ళకి కావలసింది లాక్: నేను మారుస్తున్నంతసేపు ఇంకెవరూ ముట్టుకోకూడదు. మీ ప్రాజెక్టు ఫోల్డర్ తెరిచి సైజుల ప్రకారం పేర్చి చూడండి. బరువంతా ఏ రకం ఫైళ్ళదో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

తప్పు జరిగితే వెనక్కి తెచ్చేది ఎవరు? టీమ్‌లో ఒక్కరికైనా ఆ టూల్ లోతుగా తెలిసి ఉండాలి. అందరికీ రోజువారీ ఆరేడు పనులు వస్తే చాలు.

ఫోల్డర్‌వారీగా తాళాలు కావాలా? బయటి ఫ్రీలాన్సర్‌కి ఒక్క ‘టెంప్లేట్స్’ ఫోల్డరే కనపడాలి, పేమెంట్ కోడు కనపడకూడదు అనుకుంటే ఈ ప్రశ్న పెద్దదవుతుంది.

నెట్ లేకుండా పని జరగాలా? క్లయింటు సైటులో, రైల్లో, కరెంటు పోయిన ఊళ్ళో కూర్చుని పనిచేసేవాళ్ళుంటే దీన్ని లెక్కలోకి తీసుకోండి.

తలకి ఎంత పడుతుంది, కొత్తగా చేరేవాళ్ళకి ఏది వచ్చు? ఈ రెండూ చివర్లో చూసుకోవచ్చు.

## యంత్రాల పోలిక

ముందు మూడు మాటలు. రిపో అంటే ప్రాజెక్టు ఫైళ్ళూ వాటి చరిత్రా ఉండే చోటు. కమిట్ అంటే చేసిన మార్పుని ఆ చరిత్రలో నమోదు చేయడం. క్లోన్ అంటే మీ మెషీన్‌లోకి దించుకున్న రిపో కాపీ.

| అంశం | గిట్ | ఎస్‌వీఎన్ | పెర్‌ఫోర్స్ | ఫాసిల్ |
|---|---|---|---|---|
| పూర్తి చరిత్ర ఎక్కడ | ప్రతి క్లోన్‌లోనూ | సర్వర్‌లో మాత్రమే | సర్వర్‌లో మాత్రమే | ప్రతి క్లోన్‌లోనూ |
| నెట్ లేకుండా కమిట్ | అవుతుంది | అవదు | మామూలుగా అవదు | అవుతుంది |
| పెద్ద బైనరీ ఫైళ్ళు | ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్ళ కోసం గిట్ అనుబంధం) తగిలించుకోవాలి | ఫర్వాలేదు | దీనికోసమే పుట్టింది | తగదు |
| ఫైలు లాక్ | ఎల్‌ఎఫ్‌ఎస్‌తో మాత్రమే | ఉంది | ఉంది, గట్టిది | లేదు |
| ఫోల్డర్‌వారీ అనుమతులు | లేవు | ఉన్నాయి | ఉన్నాయి | లేవు |
| నేర్చుకునే భారం | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | తక్కువ |
| ఖర్చు | ఉచితం | ఉచితం | 5 మంది, 20 వర్క్‌స్పేస్‌ల వరకు ఉచితం | ఉచితం |

### గిట్

లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నెల్ కోసం రాసింది ఇది. ఈరోజు కాలేజీ నుంచి వచ్చే కుర్రాడికీ, పదేళ్ళ అనుభవమున్నవాళ్ళకీ ఎంతోకొంత వచ్చినది ఇదొక్కటే. ఎడిటర్లు, కోడుని తమంతట తామే తయారుచేసి పరీక్షించే బిల్డు సర్వీసులు, హోస్టింగ్ కంపెనీలు అన్నీ గిట్ ఉంటుందని అనుకునే తయారవుతున్నాయి. మీ ఫైళ్ళు ఎక్కువగా కోడే అయితే ఇంకేం వెతకనక్కర్లేదు, గిట్ పెట్టుకోండి.

దీని అసలు బలం బ్రాంచ్‌లు, అంటే అసలు కోడుని కదపకుండా పక్కన నడిపే విడి దారులు. బ్రాంచ్ తెరవడం క్షణంలో పని. ఎవరి పని వాళ్ళ బ్రాంచ్‌లో చేసుకుని, పూర్తయ్యాక అందరికీ ఉమ్మడి అయిన మెయిన్ బ్రాంచ్‌లో మెర్జ్ చేస్తారు, అంటే కలుపుతారు. ఇద్దరూ ఒకే లైను మారిస్తే గిట్ ఆగి మిమ్మల్నే అడుగుతుంది. పైన చెప్పిన జీఎస్టీ ఫైలు అయితే ఇలా కనిపిస్తుంది:

```
<<<<<<< హెడ్
పన్ను = రౌండ్(ధర * 0.12, 2)
=======
పన్ను = ధర * 0.05
>>>>>>> జీఎస్టీ-రేట్లు
```

పైది మీ బ్రాంచ్‌లో ఉన్నది, కిందది కలపడానికి వస్తున్నది. కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే. ఎడిటర్ చూపించే బటన్లలో ఏదో ఒకటి నొక్కి పైదో కిందదో ఉంచేస్తారు. పైది ఉంచితే పాత రేటు మిగిలిపోతుంది, కిందది ఉంచితే రౌండింగ్ పోతుంది. ఇద్దరి ఉద్దేశమూ నిలబడాలంటే ఆ లైను చేత్తో రాయాలి:

```
పన్ను = రౌండ్(ధర * 0.05, 2)
```

గుర్తులున్న మూడు లైన్లూ తీసేసి, ప్రోగ్రాం నడిపి చూసి, అప్పుడు కమిట్ చేయాలి. ఇలాంటి తగువు, అంటే కాన్‌ఫ్లిక్ట్, రాలేదంటే అంతా బాగున్నట్టని కూడా కాదు. ఒకరు ఫంక్షన్ పేరు మార్చారు, ఇంకొకరు వేరే ఫైల్లో పాత పేరుతోనే దాన్ని పిలిచారు. లైన్లు వేరు కాబట్టి గిట్ చడీచప్పుడు లేకుండా కలిపేస్తుంది, ప్రోగ్రాం మాత్రం పగిలిపోతుంది. అందుకే మెర్జ్ తర్వాత టెస్టులు నడపడం తప్పనిసరి.

బలహీనతలూ చిన్నవి కావు. ప్రతి క్లోన్‌లో మొత్తం చరిత్ర ఉంటుంది కాబట్టి, 80 ఎంబీ డిజైన్ ఫైలుని 30 సార్లు మార్చి కమిట్ చేస్తే, అది కుదింపుకి లొంగని రకం అయితే, దాదాపు 2.4 జీబీ ప్రతి ఒక్కరి ల్యాప్‌టాప్‌లోనూ కూర్చుంటుంది. తర్వాత ఆ ఫైలు డిలీట్ చేసినా చరిత్రలోంచి పోదు. ఎల్‌ఎఫ్‌ఎస్ పెట్టుకుంటే పెద్ద ఫైళ్ళు సర్వర్‌లో విడిగా ఉండి, రిపోలో వాటి గుర్తు మాత్రమే ఉంటుంది, లాక్ చేసుకునే వీలూ వస్తుంది. అయితే దాన్ని మొదటి రోజే పెట్టుకోవాలి. నడి మధ్యలో పెడితే పాత చరిత్రంతా తిరగరాయాల్సి వస్తుంది.

వెనక్కి తెచ్చుకోవడంలో గిట్ ఉదారమైనదే. ఒక్కసారి కమిట్ అయినది అంత తేలిగ్గా పోదు. బ్రాంచ్ పొరపాటున చెరిపేసినా రెఫ్‌లాగ్ అనే చిట్టాలో దొరుకుతుంది. మామూలు సెట్టింగులతో ఆ చిట్టా 90 రోజులు ఉంటుంది, ఏ బ్రాంచ్‌కీ అందని కమిట్లకైతే 30 రోజులు. ఈ చిట్టా ఎవరి మెషీన్‌లో వాళ్ళదే, సర్వర్‌కి పోదని గుర్తుంచుకోండి. ఇక కమిట్ చేయని మార్పుల మీద, వాటిని పారేసే ‘రీసెట్ హార్డ్’ కొడితే మాత్రం ఏ చిట్టా కాపాడదు. మధ్యాహ్నం భోజనానికి లేచేముందు ఒక కమిట్ కొట్టడం అలవాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు.

### ఎస్‌వీఎన్

ఎస్‌వీఎన్ పూర్తి పేరు సబ్‌వర్షన్, దాని 1.0 వచ్చింది 2004లో. పాతది కదా అని కొట్టిపారేయడం సరికాదు. దీనిది ఒకే సర్వర్, ఒకే వరుస. రివిజన్ 412 తర్వాత 413. ‘క్లయింటు దగ్గర ఏది ఉంది’ అంటే ఫోన్లో ఒక్క నంబరు చెప్పొచ్చు. విండోస్‌లో టార్టాయిస్ ఎస్‌వీఎన్ పెట్టుకుంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్, కమిట్ అంటే అయిపోతుంది. కోడు రాయని డిజైనర్లు, కంటెంట్ రాసేవాళ్ళు, టెస్టర్లు గంటలో నేర్చుకుంటారు.

ఫైలుకి ‘నీడ్స్ లాక్’ అనే ప్రాపర్టీ పెడితే ఆ ఫైలు అందరికీ రీడ్ ఓన్లీగా దిగుతుంది, లాక్ తీసుకున్నవాళ్ళకే రాయడానికి వీలవుతుంది. ఫోల్డర్‌వారీ అనుమతులు ఒక్క టెక్స్ట్ ఫైల్లో రాసేయొచ్చు. పెద్ద రిపోలో మీకు కావలసిన ఒక్క ఫోల్డరే దించుకోవచ్చు కూడా. ఈ మూడూ గిట్‌లో సులభంగా దొరకవు.

ఇబ్బందులు మూడు చోట్ల వస్తాయి. సర్వర్ పడుకుంటే కమిట్లు, పాత చరిత్ర చూడటం రెండూ ఆగిపోతాయి. బ్రాంచ్ తెరవడం సులువే గానీ చాలాకాలం విడిగా నడిచిన బ్రాంచ్‌ని తిరిగి కలపడం నరకం, ముఖ్యంగా మధ్యలో ఫైళ్ళ పేర్లు మారితే. మూడోది, మూల ప్రతి ఒక్కటే, అది పోతే చరిత్ర అంతా పోయినట్టే. ప్రతి రాత్రీ హాట్‌కాపీ (సర్వర్ నడుస్తుండగానే తీసే పూర్తి నకలు) తీసి వేరే మెషీన్‌కి పంపకుండా ఎస్‌వీఎన్ పెట్టుకోకండి. డిస్కు విషయం కూడా చూసుకోండి, దించుకున్న ఫైళ్ళకి మార్పులేని ఇంకో ప్రతి లోపల దాస్తుంది కాబట్టి దాదాపు రెట్టింపు చోటు పడుతుంది.

### పెర్‌ఫోర్స్

గేమ్ స్టూడియోలది వేరే లోకం. హైదరాబాద్‌లో ఆరుగురితో అన్‌రియల్ ఇంజిన్ మీద గేమ్ మొదలుపెట్టినవాళ్ళకి ప్రాజెక్టు సైజు నెలల్లోనే పదుల జీబీలు దాటుతుంది, అందులో అధికభాగం కలవని ఫైళ్ళే. అక్కడ గిట్‌తో కుస్తీ పట్టేకన్నా పెర్‌ఫోర్స్ నయం. లెవెల్ ఫైలు ఎవరి చేతిలో ఉందో ఎడిటర్‌లోనే కనిపిస్తుంది, రెండో మనిషికి అది తెరుచుకున్నా మార్చనివ్వదు. 5 మంది వరకు లైసెన్సు ఖర్చు లేదు. ఆరో మనిషి వచ్చిన రోజు మాత్రం లెక్క ఒక్కసారిగా మారిపోతుంది, ఆ ధర ముందే కనుక్కుని బడ్జెట్‌లో రాసుకోండి. సర్వర్ చూసుకునే మనిషి, చెక్‌పాయింటు, జర్నల్ బ్యాకప్పు గురించి తెలిసినవాళ్ళు తప్పక ఉండాలి. వెబ్ అప్లికేషన్లు చేసే టీమ్‌కి దీని అవసరం లేదు.

### ఫాసిల్

ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ సృష్టికర్త రిచర్డ్ హిప్ రాసినది. మొత్తం టూల్ ఒకే ఒక్క ఫైలు, రిపో కూడా ఒకే ఎస్‌క్యూలైట్ ఫైలు. బగ్ టికెట్లు, వికీ, ఫోరం అన్నీ అందులోనే. కమిట్ కొట్టగానే సర్వర్‌కి తనే పంపేస్తుంది, గిట్‌లోలా ‘పుష్ మర్చిపోయాను’ అనే మాట ఉండదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఏళ్ళ తరబడి నడపబోయే ప్రాజెక్టుకి ఇది నిజంగా ముచ్చటైన టూల్. మనుషులు మారుతూ ఉండే టీమ్‌కి మాత్రం చెప్పలేం, చేరేవాళ్ళలో ఇది తెలిసినవాళ్ళు దాదాపు ఉండరు, బయటి బిల్డు సర్వీసులు దీన్ని గుర్తుపట్టవు.

మెర్క్యూరియల్ గురించి కొందరు అడుగుతారు. నేర్చుకోవడానికి గిట్ కన్నా శుభ్రంగా ఉంటుంది, కానీ బిట్‌బకెట్ 2020లో దానికి మద్దతు ఆపేశాక చిన్న టీమ్‌లకి సులువైన చోటు కరువైంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అటు వెళ్ళకపోవడం మంచిది.

## ఎక్కడ పెట్టాలి

గిట్ అనుకున్నాక రెండో ప్రశ్న. కింద ఉన్నవి ప్రైవేట్ రిపోలకి, ఉచిత ప్లానులో దొరికేవి. ఈ పరిమితులు మారుతుంటాయి, చేరే రోజున ఆ సైటులో మళ్ళీ చూసుకోండి.

| అంశం | గిట్‌హబ్ | గిట్‌ల్యాబ్ సైటు | బిట్‌బకెట్ | సొంత సర్వర్‌లో గిటీ (గిట్ రిపోలు నడిపే సాఫ్ట్‌వేర్) |
|---|---|---|---|---|
| సభ్యులు | పరిమితి లేదు | 5 | 5 | పరిమితి లేదు |
| మెయిన్ బ్రాంచ్‌కి కాపలా | డబ్బు కట్టాలి | ఉంది | ఉంది | ఉంది |
| నెలకి బిల్డు నిమిషాలు | 2,000 | 400 | 50 | మీ మెషీన్ ఎంత ఇస్తే అంత |
| బ్యాకప్ బాధ్యత | వాళ్ళది, మీదీ | వాళ్ళది, మీదీ | వాళ్ళది, మీదీ | పూర్తిగా మీది |

రెండో వరుస దగ్గర కాస్త ఆగండి. మెయిన్ బ్రాంచ్‌కి కాపలా అంటే, ఎవరూ నేరుగా మెయిన్‌లోకి పుష్ చేయకుండా, ఫోర్స్ పుష్‌తో చరిత్ర చెరిపేయకుండా అడ్డుకోవడం. గిట్ కొత్తగా నేర్చుకుంటున్న టీమ్‌కి అన్నిటికన్నా అవసరమైన రక్షణ ఇదే. గిట్‌హబ్ ఉచిత ప్లానులో ప్రైవేట్ రిపోలకి ఇది రాదు. టీమ్ ప్లాను తలకి నెలకి 4 డాలర్లు. ఆరుగురికి 24 డాలర్లు పెట్టగలిగితే గిట్‌హబ్ హాయి, జనానికి అలవాటైన చోటు. పెట్టలేకపోతే, అయిదుగురికి మించకపోతే, గిట్‌ల్యాబ్ మేలు. టికెట్ల టూల్ జీరా వాడుతున్నవాళ్ళకి బిట్‌బకెట్ అతుకుతుంది, లేకపోతే దానికి ప్రత్యేక కారణం కనపడదు.

డబ్బు కట్టేవాళ్ళకి ఒక మాట. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమాల వల్ల మన కార్డుల్లోంచి ప్రతి నెలా దానంతటదే డబ్బు కోసుకోవడానికి ముందస్తు అనుమతి కావాలి. విదేశీ సర్వీసులకి ఇది ఒక్కోసారి కుదరక పేమెంటు ఫెయిలవుతుంది. రెన్యువల్ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. కుదిరితే ఏడాదికి ఒకేసారి కట్టేయండి.

కోడు మా ఆఫీసు దాటకూడదని క్లయింటు ఒప్పందంలో రాయించుకుంటే గిటీ చక్కటి దారి. రెండు కోర్లు, 1 జీబీ మెమరీ ఉన్న చిన్న మెషీన్ మీద చిన్న టీమ్‌కి సరిపోతుంది. గిట్‌ల్యాబ్‌ని సొంతంగా పెట్టుకోవాలంటే దానికి ఎన్నో రెట్ల మెమరీ కావాలి, ప్రతి అప్‌గ్రేడుకీ ఒక పూట పోతుంది. ఆరుగురికి ఆ భారం వద్దు. ఇంకా సాదాగా కావాలంటే, ఎస్‌ఎస్‌హెచ్ ఉన్న ఏ లినక్స్ మెషీన్‌లోనైనా ఒక బేర్ రిపో (పని ఫైళ్ళు లేకుండా చరిత్ర మాత్రమే ఉండేది) పెట్టేసి, దాని సెట్టింగుల్లో చరిత్ర వెనక్కి తిప్పడాన్నీ, బ్రాంచ్ చెరపడాన్నీ నిషేధిస్తే పని నడుస్తుంది. కోడు రివ్యూ చేసుకునే పేజీ ఒక్కటి ఉండదు.

## మీరు ఏ రకం?

క్లయింట్లకి వెబ్‌సైట్లు, బిల్లింగ్, స్కూల్ మేనేజ్‌మెంట్ లాంటివి చేసే టీమ్. గిట్, పైన చెప్పిన గిట్‌హబ్ లేదా గిట్‌ల్యాబ్. ప్రతి క్లయింటుకీ ఒక కోడు కాపీ తీసి విడిగా మార్చే అలవాటుంటే ముందు దాన్ని వదిలించుకోవాలి. క్లయింటుకో బ్రాంచ్ పెట్టడం కూడా ఆ పాత జబ్బే, పదిమంది క్లయింట్లయ్యాక ఒక్క బగ్గు పది చోట్ల సరిచేయాల్సి వస్తుంది. తేడాలన్నీ సెట్టింగుల్లోకి తెచ్చి, కోడు ఒక్కటే ఉంచండి.

డిజైనర్లు, కోడర్లు సగం సగం ఉన్న టీమ్. కష్టమైన కేసు ఇదే. అందరినీ గిట్‌లోకి లాగితే డిజైనర్లు నెలలోపు మళ్ళీ పెన్‌డ్రైవ్ బాట పడతారు. కోడు గిట్‌లో, డిజైన్ మూల ఫైళ్ళు ఎస్‌వీఎన్‌లో లాకులతో పెట్టడం బాగా నడిచే ఏర్పాటు. రెండు టూల్స్ అన్న మాట చికాకు పెట్టినా, ఎవరి టూల్ వాళ్ళకి సరిపోతుంది. కోడులో వాడే చిన్న పీఎన్‌జీలు, ఎస్‌వీజీలు మాత్రం కోడుతోపాటే ఉండాలి.

ఇప్పటికే ఎస్‌వీఎన్ మీద సాఫీగా నడుస్తున్నవాళ్ళు. కొత్తవాళ్ళకి రావట్లేదన్న కారణం తప్ప ఇంకేం లేకపోతే తొందరపడొద్దు. బ్రాంచ్‌లు కలపలేక రిలీజులు ఆగుతుంటే మారండి. ఎస్‌వీఎన్ క్లయింటుతోనే గిట్‌హబ్ వాడుకునే సౌకర్యం ఒకప్పుడు ఉండేది, 2024 జనవరిలో ఆపేశారు. కాబట్టి సగం సగం మార్పు కుదరదు, చరిత్రంతా ఒకేసారి తరలించాలి.

గేమ్, త్రీడీ. పెర్‌ఫోర్స్. అయిదుగురు దాటి, లైసెన్సు భరించలేకపోతే ఎస్‌వీఎన్.

## గిట్‌లోకి మారే మొదటి వారం

లైవ్ సర్వర్‌లో నడుస్తున్న కోడే అసలు కోడు, ఎవరి ల్యాప్‌టాప్‌లోదీ కాదు. దాన్ని దించుకుని అందులోంచి మొదలుపెట్టండి. మొదటి కమిట్‌కి ముందే ఇగ్నోర్ ఫైలు, అంటే గిట్ పట్టించుకోకూడనివాటి జాబితా, రాయాలి: నోడ్ మాడ్యూల్స్, వెండర్ ఫోల్డర్, బిల్డు అవుట్‌పుట్, కస్టమర్లు అప్‌లోడ్ చేసిన ఫోటోలు, పాస్‌వర్డులుండే ఎన్వ్ ఫైలు. ఒకసారి కమిట్ అయిపోయిన ఫైలుకి ఇగ్నోర్ వర్తించదు, దాన్ని విడిగా ట్రాకింగ్ నుంచి తీయాలి.

పేమెంట్ గేట్‌వే కీ పొరపాటున పుష్ అయిపోతే ముందు చేయాల్సింది ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోవడం. చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాత. చాలామంది వరస తిరగేసి, చెరిపేశాం కదా అని పాత కీనే వాడుతుంటారు. ఈలోపు ఎవరు క్లోన్ చేసుకున్నారో మీకు తెలియదు.

విండోస్, లినక్స్ కలిసిన చోట లైను చివరి గుర్తులు తేడా పడతాయి. ఒక్క అక్షరం మారిస్తే ఫైలంతా మారినట్టు చూపిస్తే కారణం అదే. విండోస్‌లో సేవ్ చేసిన షెల్ స్క్రిప్టు లినక్స్ సర్వర్‌లో ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని ఆగిపోయినా అదే. గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్లో అన్ని టెక్స్ట్ ఫైళ్ళకీ ‘ఆటో’ అనీ, షెల్ స్క్రిప్టులకి ‘ఎల్‌ఎఫ్’ అనీ రాసి మొదటి కమిట్‌లోనే పెట్టేయండి. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంచండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. మీ మెషీన్‌లో తెరుచుకున్న పేజీ సర్వర్‌లో ‘ఫైలు లేదు’ అంటుంది.

తెలుగుతో పనిచేసేవాళ్ళకి రెండు విషయాలు. ఫైలు పేరు తెలుగులో ఉంటే గిట్ స్టేటస్‌లో 340, 260, 261 అంటూ అంకెల వరుస కనిపిస్తుంది. ఫైలు చెడిపోలేదు, అవి తెలుగు అక్షరాల యూటీఎఫ్-8 బైట్లు. ‘కోర్ కోట్‌పాత్’ సెట్టింగును ఫాల్స్ చేస్తే పేరు తెలుగులోనే వస్తుంది. రెండోది, తెలుగు మాటలున్న ఫైళ్ళు యూటీఎఫ్-8లోనే సేవ్ చేయాలి. యూటీఎఫ్-16లో ఉంటే గిట్ వాటిని బైనరీ అనుకుని తేడాలు చూపించదు. ఆండ్రాయిడ్ యాప్‌లో తెలుగు స్ట్రింగ్స్ ఫైలు ఒక్కోసారి ఇలాగే ఎవరికీ తెలియకుండా పాడవుతుంది.

రోజువారీ పద్ధతి ఎంత సాదాగా ఉంటే అంత నిలుస్తుంది. పొద్దున్నే పుల్ (సర్వర్‌లోని కొత్త మార్పులు దించుకోవడం), పనికో చిన్న బ్రాంచ్, రెండు రోజులు దాటకుండా మెయిన్‌లోకి మెర్జ్, ఇంకొకరు ఒకసారి చదివాకే. కమిట్ సందేశం తెలుగులో రాసినా గిట్‌కి అభ్యంతరం లేదు. ‘మార్పులు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, ‘రిటర్న్ బిల్లులో సీజీఎస్టీ రెండుసార్లు పడటం సరిచేశాను’ అంటే రెండేళ్ళ తర్వాత కూడా దారి చూపిస్తుంది. లైవ్‌కి వెళ్ళిన ప్రతిదానికీ తేదీతో ట్యాగ్, అంటే ఆ కమిట్‌కి ఒక గుర్తు పేరు, పెట్టండి. ఆడిటర్ ప్రశ్నకి అప్పుడు నిమిషంలో జవాబు దొరుకుతుంది.

ఇక అన్నిటికన్నా కష్టమైనది: ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ మార్చేయాలి. అది అందరి దగ్గరా ఉన్నంత కాలం ‘చిన్న మార్పే కదా’ అని ఎవరో ఒకరు నేరుగా లైవ్‌లో మారుస్తారు, తర్వాతి రిలీజులో ఆ మార్పు కొట్టుకుపోతుంది, తప్పు గిట్ మీద పడుతుంది. మెయిన్ బ్రాంచ్ నుంచి ఒక స్క్రిప్టు ద్వారా మాత్రమే సర్వర్‌కి వెళ్ళాలి. ఆ స్క్రిప్టు రాసేటప్పుడు గిట్ దాచుకునే ఫోల్డర్ పబ్లిక్ ఫోల్డర్‌లోకి వెళ్ళకుండా చూసుకోండి. వెళితే బయటివాళ్ళెవరైనా బ్రౌజర్‌లోంచే మీ కోడంతా దించుకోగలరు.

## బ్యాకప్పు గురించి

అందరి దగ్గరా క్లోన్ ఉంది, బ్యాకప్పు ఎందుకంటారు. కోడు వరకు అది నిజమే. కానీ బగ్ రిపోర్టులు, రివ్యూలో జరిగిన చర్చలు క్లోన్‌లో ఉండవు, హోస్టింగ్ సైటు డేటాబేస్‌లో ఉంటాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సైటులో పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీ చెరిగిపోయింది. పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులు అయిదూ అక్కరకి రాలేదు. ఒక ఉద్యోగి ఆరు గంటల ముందు అనుకోకుండా తీసిన కాపీతో నిలదొక్కుకున్నారు. ఆ ఆరు గంటల టికెట్లు, కామెంట్లు పోయాయి. గిట్ రిపోలకి ఏమీ కాలేదు. ఈ వివరాలన్నీ ఆ కంపెనీయే దాచకుండా ప్రచురించింది.

కాబట్టి వారానికోసారి మిర్రర్ క్లోన్ (బ్రాంచ్‌లు, ట్యాగులు అన్నిటితో సహా పూర్తి నకలు) ఒకటి వేరే చోటికి తీయండి, టికెట్లు ఎక్స్‌పోర్ట్ చేసి దాని పక్కన పెట్టండి. నెలకోసారి ఖాళీ మెషీన్ తీసుకుని ఆ మిర్రర్ నుంచే రిపో దించి, అందులో గత నెల ట్యాగ్ తీసి, డేటాబేస్ తగిలించి, ఒక బిల్లు కొట్టి చూడండి. ఈ పని ప్రతిసారీ వేరే మనిషి చేయాలి. ఎక్కడ ఆగిపోయారో, ఏ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర మాత్రమే ఉందో, మొత్తం ఎంతసేపు పట్టిందో రిపోలోనే ఒక ఫైల్లో రాసి కమిట్ చేయమనండి.